ముప్పై చేలకు ఒకటే మీట

జూన్ 4

మా ఆడపడుచుకు,

నువ్వు పంపిన కళ్ళద్దాలు అందాయి. మీ అన్నయ్య అవి పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. నీ ఉత్తరం చదవాల్సి వచ్చేసరికి మాత్రం తీసి నా చేతికిచ్చి, "నువ్వే చదివి చెప్పు" అన్నాడు.

జవాబు ఆలస్యమైందని అలిగి ఉంటావు. నా ఆలస్యానికంతటికీ కారణం ఆ ఇంజనే. నువ్వు ఉద్యోగానికి పట్నం వెళ్ళిన ఏడే కదా, సర్కారువాళ్ళు పెద్ద ఆసామి కమతం కోసి ఆయన దగ్గర పాలేళ్ళుగా ఉన్న మా ముప్పై కుటుంబాలకూ తలా మూడెకరాలు పంచారు. చేలు ముప్పై అయినా బావి ఒకటే, ఇంజను ఒకటే, కాలవ ఒకటే. మొదటి ఏడు, బావి పక్క చేనాయన అందరూ అన్నాలకు వెళ్ళిన వేళ చూసుకుని ఇంజను వేసి తన చేను ఒక్కటే తడుపుకున్నాడు. పట్టుబడ్డాడు. ఆ గొడవ మూడు రోజులు నడిచింది. చివరికి పెద్దలు తేల్చిందేమిటంటే, ఇంజనుకు కాపలా పెట్టడం కాదు, ఇంజన్నే విడదీయాలని! హ్యాండిలు మా ఇంట్లో, బెల్టు పొడుగాయన ఇంట్లో, డీజిలు పైపు దర్జీ ఇంట్లో. మా ఇంట్లో అంటే నా దగ్గరేలే. మీ అన్నయ్యకిస్తే ఏ గట్టు మీద మర్చిపోతాడో అందరికీ తెలుసు.

తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే ఇదే భాగోతం. ఈ మూడు ముక్కలూ ఒకచోట చేరితే గాని చుక్క నీరు రాదు. నేను వెళ్ళేసరికి పొడుగాయన ఉండడు. ఆయనొచ్చేసరికి దర్జీ పైపు మర్చిపోయి వెనక్కి పోతాడు. ఈలోగా ముప్పై ఇళ్ళవాళ్ళూ బావి గట్టున కూర్చుని ఒకటే కబుర్లు. ఒకరు ఆకు పసుపెక్కిందంటారు, ఇంకొకరు అయితే ఈ వారం తడపకు అంటారు. నిన్న పొడుగాయన ఏదో పురుగుని అరచేతిలో పెట్టుకుని అందరి ముక్కుల దగ్గరికీ తిప్పాడు. నా ముక్కు దగ్గరికి తెచ్చేసరికి చేతి మీద ఒక్కటేశాను. పోయిన వారం దర్జీ కూతురింటికి పోతూ టేపుతో పాటు పైపు కూడా సంచిలో వేసుకుపోయాడు. రెండు రోజులు చేలు ఎండాయి. తిరిగొచ్చాక నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. ఆయన నవ్వుతూ, "నీ జాకెట్టు ఇంకా నా మిషను మీదే ఉందమ్మా, కాస్త చూసి తిట్టు" అన్నాడు.

ఒక్క మీట నొక్కితే ఆడే మోటారుంటే నా ప్రాణం ఎంత హాయిగా ఉండేదో! పొద్దున్నే ఇంతమంది మొహాలు చూసే ఖర్మ తప్పేది.

చేతులకు గ్రీజు వదలని
మీ వదిన

జూన్ 15

వదినా,

నీ ఉత్తరం అన్నం తినే వేళ చదివాను. పొలమారి చచ్చినంత పనైంది. మా గదిలో నలుగురు టైపిస్టులం, ఒకటే ఫ్యాను. నా నవ్వుకి మిగతా ముగ్గురూ మిషన్లు ఆపేశారు. పక్క గదిలోంచి మా ఆఫీసరు వచ్చి ఏమిటన్నాడు. దాచడమెందుకని మొత్తం పైకి చదివాను.

ఆయన నవ్వలేదు వదినా. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈ జిల్లాలో మీలాగే భూమి పంచిన క్షేత్రాలు నలభై ఒకటి ఉన్నాయట. పదేళ్ళు తిరక్కుండానే సగానికి పైగా పాడుబడ్డాయట. కొన్ని నిలిచి కొన్ని ఎందుకు పడిపోతున్నాయో కనిపెట్టమని ఆయనకు పైనుంచి ఉత్తర్వు. ఏడాదిగా ఫైళ్ళు తిరగేస్తున్నాడు పాపం. నీ ఉత్తరం వినగానే బల్ల మీద చరిచి, "ఇదీ కారణం! ఒక ఇంజను నడపడానికి మూడిళ్ళు తిరగాలంటే సేద్యం ఎక్కడ సాగుతుంది?" అన్నాడు.

కరెంటు మోటారు కోసం ఆ సాయంత్రమే దరఖాస్తు టైపు చేశాను. నీ సంతకం నేనే పెట్టాను. పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నాను, నీ సంతకం వంకర నాకు తెలియదా? నువ్వింక నిశ్చింతగా పడుకో. అన్నయ్యని కళ్ళద్దాలు జాగ్రత్త అని చెప్పు.

నీ ఆడపడుచు
(ఇకమీదట నీ పాలిట వరాల దేవత)

జూన్ 28

వరాల దేవతకు,

నీకు బుద్ధి ఉందా? నీకని రాసిన ఉత్తరం ఆఫీసులో చదువుతావా? దర్జీ సంగతీ, నేను కడిగేసిన సంగతీ ఇప్పుడు ఫైల్లో ఎక్కాయా? అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని, నా తిట్లతో నువ్వు ఆఫీసరుని సంతోషపెట్టావన్న మాట. ఇంకెప్పుడూ ఇలా చేయకు.

మోటారు మాట చెబితే మీ అన్నయ్య ఎగిరి గంతేశాడు. ఊళ్ళో అందరికీ చెప్పుకుంటున్నాడు, మా చెల్లెలి పలుకుబడి అని. మొన్న ఇద్దరు వచ్చి బావి లోతు కొలుచుకుపోయారు. నాకు మాత్రం ఎందుకో గుబులుగా ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేను. అంతా మంచికే అంటున్నారు కదా, వస్తే రానీ.

జాకెట్టు బిగుతుగా కుట్టాడు. కావాలనే చేశాడని నా అనుమానం.

వదిన

ఆగస్టు 9

వదినా,

మోటారు మంజూరైంది! నీ గుబులు సంగతి నాకు అర్థమైందిలే. కరెంటంటే భయం. మా పక్క వాటాలో ముసలావిడకీ ఇంతే, కర్రతో లైటు వేస్తుంది. భయపడకు, ఈ పార్శిల్లో రబ్బరు చెప్పులు పంపుతున్నాను. అవి వేసుకుని, తడి చేత్తో ముట్టకుండా ఉంటే ఏమీ కాదు.

మీ మోటారు మొదలుపెట్టడానికి మా ఆఫీసరే వస్తున్నాడు. మీట నువ్వే నొక్కాలని చెప్పాను. నాకు సెలవివ్వరట, ఆ నీళ్ళు దూకే ముచ్చట నువ్వే రాయాలి. నీ ఇంజను ఉత్తరం మాత్రం నా సొరుగులో భద్రంగా దాచుకున్నాను. ఇకమీదట నువ్వలాంటివి రాయవు కదా, అదొక్కటే నా విచారం.

నీ ఆడపడుచు

అక్టోబరు 17

ఆడపడుచుకు,

చెప్పులు సరిపోయాయి, పెరట్లోకి వేసుకుంటున్నాను. నాకు కరెంటంటే ఏనాడూ భయం లేదు.

మీట ఆఫీసరే నొక్కాడు. నీళ్ళు ఏనుగు తొండమంత లావున దూకాయి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, అబద్ధమాడను. మోటారు గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలంటే, బావి పక్క చేనాయన దగ్గరే సుళువన్నారు. అవును, ఆయనే! ఇప్పుడాయన దొంగతనంగా వేసుకోనక్కర్లేదు. చెయ్యి చాపి నొక్కుకుంటాడు. ఆ పక్కవాళ్ళు వెళ్ళి అడిగితే వాళ్ళకీ ఇస్తాడు. మంచివాడే పాపం. ఎటొచ్చీ కాలవలో ఇరవయ్యో చేను దాటేసరికి నీరు సన్నబడుతుంది. మాది ముప్పయ్యోది. పైవాళ్ళ మళ్ళలో కప్పలు ఈదుతుంటే మా చేలో నేల నెర్రెలిచ్చింది.

అంతకన్నా పెద్ద సంగతి వేరే ఉంది. ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద ఆసామి దగ్గర ఉన్నప్పుడు మేం ఎవరి పని వాళ్ళమే చేసేవాళ్ళం. మీ అన్నయ్య అరక తప్ప ఇంకోటి ముట్టలేదు. పొడుగాయనకి విత్తనమంటే విత్తనం, అంతే. దర్జీ వాళ్ళ నాన్నకి కాలవ మళ్ళించడం. నాకు కలుపు. ఎప్పుడు ఏం వేయాలో, ఎప్పుడు ఆపాలో, మొత్తం తెలిసింది ఆసామికీ ఆయన మేస్త్రీకీ మాత్రమే. భూమి పంచినప్పుడు ఆ తెలివి పంచలేదు కదా. మరి తొమ్మిదేళ్ళు ఎలా నెట్టుకొచ్చామంటావు? ఆ బావి గట్టు మీదే. దర్జీ పైపు కోసం వెనక్కి పోయినప్పుడల్లా మేం ఒకరికొకరు చెప్పుకున్న ఆ పనికిమాలిన కబుర్లతోనే. అప్పుడు కూర్చోక తప్పేది కాదు. తిట్టుకుంటూనే వంతులు వేసుకునేవాళ్ళం. దాన్ని సమావేశమని ఎవరూ అనలేదు, కాబట్టి పోయినప్పుడు ఎవరికీ తెలియలేదు.

ఈసారి పురుగు ఏడో చేలో మొదలైందట. మా దాకా వచ్చేవరకూ మాకెవరూ చెప్పలేదు. పొడుగాయన్ని చూసి ఇరవై రోజులైంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, మనం చేసుకున్నది ఇదీ.

వదిన

అక్టోబరు 30

వదినా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. నీ జూన్ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. "ఒక్క మీట నొక్కితే ఆడే మోటారుంటే" అని నీ చేత్తో నువ్వు రాసిందే. ఇంతమంది మొహాలు చూసే ఖర్మ తప్పాలన్నదీ నువ్వే. నేను గాల్లోంచి ఊహించుకోలేదు. కాళ్ళరిగేలా తిరిగి, ఆఫీసరు చుట్టూ, కరెంటువాళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేసి తెప్పిస్తే చివరికి నాలుక ఊడింది నావల్లా? వద్దనుకుంటే అప్పుడే వద్దనాల్సింది.

సరే, అయిందేదో అయింది. కూర్చోవడమే కావాలంటే దానికి ఇంజను విప్పి మూడిళ్ళలో పెట్టుకోనక్కర్లేదు. వారానికోసారి సమావేశం పెట్టండి. ఆఫీసరుకీ చెప్పాను, చాలా బాగుందన్నాడు. అట్టవేసిన నోటుబుక్కూ, రబ్బరు ముద్రా పంపుతున్నాను. ఎవరు వచ్చారో సంతకాలు తీసుకుని, ఏం తీర్మానించారో రాయి. దస్తూరి బాగుంటుంది కదా, నువ్వే రాయి.

కోపం లేదు. కొంచెం ఉంది.

ఆడపడుచు

డిసెంబరు 20

ఆడపడుచుకు,

వద్దనాల్సింది నేనే. ఆ మాట నిజం. ఇంట్లో మీ అన్నయ్య మీద విసుక్కుంటాను, అంతమాత్రాన ఆయన్ని మార్చి ఇంకొకర్ని పంపమని నీకు దరఖాస్తు పెట్టానా? నా తిట్లు నీకు తెలుసనుకున్నాను. నాకే తెలియలేదు ఏది తిట్టో ఏది కోరికో, నీకేం తెలుస్తుందిలే.

నీ నోటుబుక్కు సంగతి. మొదటి వారం ఏడుగురొచ్చారు. పైచేలవాళ్ళు ఒక్కరూ రాలేదు. వాళ్ళకేం పని, నీళ్ళు వస్తున్నాయి కదా! రెండో వారం నలుగురు. మూడో వారం మీ ఆఫీసు నుంచి ఎవరో వస్తున్నారని తెలిసి, బావి పక్క చేనాయన పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొచ్చాడు. వచ్చినవాళ్ళు ముగ్గురు, సంతకాలు ముప్పై. వచ్చినాయన అది చూసి ముచ్చటపడి పుస్తకం మీద రబ్బరు ముద్ర కొట్టి వెళ్ళాడు.

ఇంక అసలు సంగతి. పెద్ద ఆసామి దగ్గర పని చేసిన మేస్త్రీ తిరిగొచ్చాడు. ట్రాక్టరు తెచ్చుకున్నాడు. దర్జీ చేను కౌలుకిచ్చేశాడు, నాకు మిషనే నయమమ్మా అన్నాడు. పొడుగాయన ఇచ్చాడు. ఇరవయ్యో చేను నుంచి కిందికి ఒక్కొక్కటీ పోయాయి. పోయిన మంగళవారం మీ అన్నయ్య అన్నం తింటూ, తల ఎత్తకుండా చెప్పాడు, "మనదీ ఇచ్చేశాను" అని.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అన్నాను.

"అడిగితే వద్దంటావు కదే."

"తెలిసే అడగలేదన్న మాట."

"నీళ్ళు లేని చేను పెట్టుకుని ఏం చేస్తాం? పట్టా నా పేరు మీద ఉంది, తిట్లు పడేదీ నేనేగా" అన్నాడు.

నిజమే, పట్టాలో నా పేరు లేదు. తొమ్మిదేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారీ గుర్తు రాలేదు. రోజూ పొద్దున్నే నేను వెళ్తే గాని ఊరికి నీళ్ళు లేవు కాబట్టి, నాదీ ఒక పెత్తనమే అనుకున్నాను. ఎవర్ని తిట్టను? మీ అన్నయ్య రెండు రోజుల నుంచి కళ్ళద్దాలు కూడా పెట్టుకోవడం లేదు.

నువ్వు దీనికి ఏ ఉపాయమూ ఆలోచించకు. దండం పెడతాను.

వదిన

ఫిబ్రవరి 3

వదినా,

ఉపాయం ఆలోచించడం లేదు. ఏం చేయాలో తెలియక నిన్నే అడుగుతున్నాను. ఇన్నాళ్ళూ నీకేం కావాలో నేనే అనేసుకున్నాను తప్ప ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మా ఆఫీసరు రిపోర్టు పూర్తయింది. టైపు నాకే ఇచ్చాడు. అందులో మీ క్షేత్రం మొదటి పేజీలోనే ఉంది, నలభై ఒకటిలో మేటి అని. "ముప్పై చేలూ సాగులో ఉన్నవి. మోటారు ఉన్నది. వారం వారం సమావేశం జరుగుచున్నది. హాజరు నూటికి నూరు." ఇదే పద్ధతి మిగిలిన అన్ని క్షేత్రాల్లో పెట్టాలని సిఫారసు. నలభై మోటార్లు వదినా! ఆ పేజీ దగ్గర మూడు రోజులుగా నా వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. చెయ్యి నొప్పి అని చెప్పాను.

నేను వెళ్ళి "అది సాగు కాదు, కౌలు" అని చెప్పగలను. ఆయన చెడ్డవాడు కాదు, వింటాడు. కానీ చట్టం ఒకటుంది. పంచిన భూమిని కౌలుకిస్తే నోటీసు వస్తుంది. ముప్పై రోజుల్లో కౌలు రద్దు చేసుకుని, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ హాజరై, మేమే సాగు చేసుకుంటామని రాసివ్వాలి. లేకపోతే పట్టా రద్దు. నా నోటితో నేను చెబితే అన్నయ్య భూమి పోవచ్చు. చెప్పకపోతే మీకు జరిగిందే ఇంకా నలభై చోట్ల జరుగుతుంది. ఈ నెల ఇరవై దాటితే ఇంక ఆపలేను. ఏం చేయమంటావు?

ఆడపడుచు

ఫిబ్రవరి 11

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కలుపుకి వెళ్ళాను. ఎవరి చేలోకనుకున్నావు? మాదాంట్లోకే. మేస్త్రీ కూలీలని పిలుస్తుంటే వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. ఏ మూల తుంగ లేస్తుందో, ఏ మూల రాయి తగులుతుందో చేతికి తెలుసు కాబట్టి అందరికన్నా ముందు సాలు దాటాను. మేస్త్రీ గట్టు మీదినుంచి, "నువ్వు ఈ చేలో ఎప్పుడైనా చేశావా అమ్మా, చెయ్యి బాగా అలవాటుగా ఉంది" అని అడిగాడు. వేళాకోళం కాదు, కౌలు మాట్లాడుకున్నది మీ అన్నయ్యతో, పదేళ్ళ నాటి కలుపు కూలీల్లో నా మొహం గుర్తు లేక నిజంగా తెలియకే అడిగాడు. నేను తర్వాతి సాలు పట్టాను. సాయంత్రం ఇంకో మాటన్నాడు. వచ్చే నెల ట్రాక్టరు తిరగడానికి వీలుగా గట్లన్నీ దున్నేస్తాడట. పదకొండు చేలూ కలిపి ఒకటే మడి. ఎవరిది ఎంతవరకో చెప్పడానికి ఇంక హద్దురాయి కూడా ఉండదు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెప్పాను. గట్ల సంగతి ఆయనకీ తెలియదు. "ఇప్పుడేం చేస్తాంలే" అన్నాడు. ఆ "లే" వింటే నాకు ఒళ్ళు మండింది. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. మొదటిసారి దాచుకున్నాను.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది తిట్టు కాదు, కోరిక. సరిగ్గా చదువు, నీ తెలివేమీ కలపకు.

నిజం చెప్పెయ్యి. పదకొండు చేలూ కౌలులో ఉన్నాయని చెప్పు. సంతకాలు ముప్పై, మనుషులు ముగ్గురు అని చెప్పు. మోటారు మంచిదే, దాన్నేమీ అనకు. మనుషులు రోజూ ఒకచోట చేరే పని ఏదో ఒకటి ఉంచి ఆ పైన మోటారు పెట్టుకోమను. అదేమిటో మీ ఆఫీసు గదిలో కూర్చుని కనిపెట్టొద్దని, ఆ నలభై ఊళ్ళవాళ్ళనీ వెళ్ళి అడగమను. వినకపోతే మానె, నువ్వు చెప్పావు.

నోటీసులు రానీ. నన్ను శాపనార్థాలు పెట్టేవాళ్ళు పెడతారు. దర్జీ అయితే మళ్ళీ జన్మలో నాకు జాకెట్టు కుట్టడు. పట్టా పోతే పోతుంది, అది నాకు తెలియకపోలేదు. కానీ ఊరుకున్నా పోతోంది కదమ్మా, గట్టు గట్టుగా. ముప్పై రోజులంటే తక్కువేం కాదు. పదకొండు ఇళ్ళవాళ్ళు కొట్టుకోవడానికైనా మా వాకిట్లోకి రావాలి.

ఇద్దరూ హాజరు కావాలన్నావు చూడు, ఆ మాట దగ్గర నాలుగుసార్లు ఆగాను. ఈ భూమి గురించి నన్నెవరైనా ఏదైనా అడగబోవడం ఇదే మొదలు.

మొదటి నోటీసు మా ఇంటికే పంపు. పేరు మీ అన్నయ్యదే రాయి. అందుకునేది నేను.

మీ వదిన